ఇస్త్రీ పెట్టె వెలుగు

మా బావ పోయిన మర్నాడు పత్రికలో వేసిన ఫోటో చూసి నాకు ఒళ్ళు మండింది. వెనక పుస్తకాల బీరువా, చేతిలో పెన్ను, గడ్డం కింద చెయ్యి. ఆ బీరువా ఫోటో స్టూడియో వాళ్ళు గోడకి అంటించిన బొమ్మ. బావ జన్మలో బల్ల ముందు కూర్చుని నవల రాయలేదు. వంటింటి గడపకి ఆనుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, పక్కన అక్క కూరలు తరుగుతుంటే రాసేవాడు. ఫోటో కింద "పద్దెనిమిదేళ్ళ పోలీసు ఉద్యోగం, పదహారు అపరాధ పరిశోధక నవలలు" అని వేశారు. అంకెల వరకు సరిగ్గానే ఉంది.

నేను ఆయన భార్యకి సొంత చెల్లెల్ని. ఒక ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దాను. అక్కడ నన్ను భూతద్దం అనేవాళ్ళు, నేను వినపడనంత దూరంలో ఉన్నప్పుడు. ఆ పేరు పెట్టింది మా బావే. కాబట్టి ఆయన జీవితంలో తప్పులు పట్టే హక్కు నాకుంది. నా తప్పులు కూడా అందులోనే ఉన్నాయి. అవీ చెబుతాను.

బావ వాళ్ళ వీధిలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. పదేళ్ళ వయసు నుంచే వీధి మొత్తానికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. పక్కింటి ముసలావిడ దూరాన ఉన్న కొడుక్కి "నేను బాగానే ఉన్నానని రాయి నాయనా" అంటే, "నేను బాగానే ఉన్నాను. నువ్వు పడుకునే మంచం మాత్రం ఇంకా ఎత్తలేదు" అని రాసేవాడు. చదివి వినిపిస్తే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, "ఇదేరా నేను చెప్పాలనుకున్నది" అనేది. ఆవిడ అనుకున్నదీ లేదు, పాడూ లేదు. ఆ మంచం ఎప్పుడో అటకెక్కింది. కానీ విన్నాక అది ఆవిడ మాటే అయిపోయింది. తమ మాట కన్నా బాగున్న మాటని మనుషులు కాదనరని బావకి అంత చిన్నప్పుడే తెలిసిపోయింది. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఇరవై రెండేళ్ళకి పోలీసు ఉద్యోగంలో చేరాడు. లాఠీ పట్టుకున్నది శిక్షణలో మాత్రమే. మనిషి గాలేస్తే పడిపోయేలా ఉండేవాడు, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. స్టేషన్లో రాత పనికి కూర్చోబెట్టారు. దొంగతనమో, తగువో, చావో జరిగితే సాక్షులు చెప్పింది కాగితం మీద పెట్టడం ఆ పని. భయపడ్డవాళ్ళు ముందుది వెనక, వెనకది ముందు చెబుతారు. మధ్యలో పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానంటారు. అందుకని బావ ముందు వాళ్ళు చెప్పింది చెప్పినట్టే పెన్సిలుతో విడి కాగితాల మీద గీకేవాడు. తర్వాత దాన్ని వరస పెట్టి, పెన్నుతో చక్కగా రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకునేవాడు. పెన్సిలు కాగితాలు చించి పారేయాలి. బావకి కాగితం చించడానికి చేతులు రావు. ఒక వైపు తెల్లగా ఉంది కదా అని కట్ట కట్టి ఇంటికి తెచ్చేవాడు. మా అక్క ఆ కట్టల్ని చూసి, "జీతంతో పాటు చెత్త కూడా ఇస్తున్నారా మీ స్టేషన్లో" అనేది.

ఉద్యోగంలో పదకొండో ఏడు. ఇనప సామాన్ల కొట్టు యజమానిని ఒక సాయంత్రం, కరెంటు పోయి వీధంతా చీకటిగా ఉన్నప్పుడు, కొట్టు మెట్ల మీదే ఎవరో పొడిచి చంపారు. పక్కనే సైకిళ్ళు బాగుచేసే దుకాణం. ఆ దుకాణం అతను ఆరడుగుల పైన ఉంటాడు, వీధిలో అందరూ పొడుగాయన అనేవాళ్ళు. మెట్లకి అడ్డంగా సైకిళ్ళు నిలబెడుతున్నాడని యజమానికీ అతనికీ వారం కిందటే పెద్ద గొడవ. "నీ సంగతి చూస్తా" అని పొడుగాయన పది మంది ముందు అన్నాడు. కోపంలో ఆ మాట అననివాళ్ళెవరు? అతను అన్న వారానికే ఆ మనిషి చచ్చిపోయాడు, అదీ అతని ఖర్మ. ఆ సమయంలో ఇంట్లో చెల్లెలి కుట్టు మిషన్ తొక్కుడు బల్ల బాగుచేస్తున్నానని చెప్పాడు. చెల్లెలు కూడా అదే చెప్పింది. చెల్లెలు కాక ఇంకేం చెబుతుందన్నారు.

సాక్షి ఒక్కతే. వీధికి అవతలి పక్క బండి మీద ఇస్త్రీ చేసుకునే ముసలమ్మ. బావ ఎదురుగా నేల మీద కూర్చుని ఆమె చెప్పింది ఇంతే: "ఎవరో పొడుగు మనిషి మెట్లు దిగి పోయాడు బాబూ. ముఖం తెలీలేదు. చీకటి కదా." బావ పెన్సిలుతో అదే రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి భుజం మీంచి చూసి, "ముఖం లేని సాక్ష్యం నాకెందుకయ్యా? చేసింది వాడే. ముసల్ది చూసే ఉంటుంది, సరిగ్గా అడుగు" అని వెళ్ళిపోయాడు.

చేసింది పొడుగాయనేనని అందరితో పాటు బావ కూడా నమ్మాడు. నమ్మకపోతే ఆ పని చేసేవాడు కాదని నేను అనుకుంటాను. సరిగ్గా అడగడం మొదలుపెట్టాడు.

"ఇస్త్రీ పెట్టెలో నిప్పులున్నాయి కదమ్మా?"

"ఉన్నాయి బాబూ."

"నిప్పులుంటే వెలుగు ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"ఆ వెలుగులో ముఖం కనిపించి ఉంటుంది కదా?"

"ఏమో బాబూ. కనిపించిందేమో."

బావ పెన్ను తీసుకుని రాశాడు: "కరెంటు లేకపోయినా, నా ఇస్త్రీ పెట్టెలో నిప్పుల వెలుగు పడి అతని ముఖం ఒక్క క్షణం ఎర్రగా కనిపించింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను." చదివి వినిపించాడు. ముసలమ్మ కాసేపు ఆలోచించి, వేలిముద్ర వేసింది. కోర్టుకి వెళ్ళేలోపు మరో మూడుసార్లు చదివి వినిపించారు. బోనులో నిలబడేసరికి ఆమెకి నిజంగానే ఆ ముఖం ఎర్రగా కనిపిస్తోంది. పొడుగాయన వైపు వేలు చూపించి వణికిపోయిందట. యావజ్జీవం వేశారు. తీర్పులో జడ్జిగారు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు.

మూడేళ్ళు గడిచాయి. మా ప్రెస్సు యజమాని నవలల పోటీ పెడితే, నేనే బావని రెచ్చగొట్టాను. "ఊరి వాళ్ళ గోడు అంతా రాస్తావు, సొంతంగా ఒకటి రాసి చూపించు" అన్నాను. నాలుగు నెలల్లో రాసి తెచ్చాడు. కొత్త కాగితం కొనే అలవాటు లేదు కాబట్టి, స్టేషను కట్టలు విప్పి వాటి వెనక వైపున రాశాడు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో అక్షరం అక్షరం చేత్తో పేర్చేవాళ్ళు. రెండు వైపులా రాత ఉన్న కాగితం వస్తే, పేర్చేవాళ్ళు పొరపాటున అక్కర్లేని వైపు పేర్చేస్తారని, ప్రూఫు గదిలోనే దాని మీద మూల నుంచి మూలకి ఒక అడ్డగీత కొట్టి పంపేవాళ్ళం. గీత ఉంటే ఆ వైపు లేనట్టే. బావ నవల మొత్తం నూట ఎనభై కాగితాలు. ఒక మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుని నూట ఎనభై గీతలూ ఎర్ర పెన్సిలుతో నేనే కొట్టాను. వెనక ఏముందో చదవలేదు. నాకు దిద్దమని ఇచ్చింది రెండో వైపు.

నవల బాగుంది. ఇప్పుడు కూడా చెబుతాను, బాగుంది. మొదటి అధ్యాయంలోనే హత్య, ఇస్త్రీ ముసలమ్మ, నిప్పుల వెలుగులో ఎర్రగా కనిపించిన ముఖం. రాసుకున్న మాట మీద మమకారం చావక తన వాక్యం తనే దొంగిలించుకున్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. ప్రూఫు పట్టుకుని ప్రెస్సు మెట్ల మీద టీ తాగుతున్న ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బావా, నువ్వెప్పుడైనా బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేశావా?"

"మీ అక్క ఉండగా నాకేం ఖర్మ."

"అదే తెలుస్తోంది. నిప్పులు పోసి మూత పెట్టాక దాని వెలుగు నా చేతి మీద కూడా పడదు. వీధి అవతల నడిచేవాడి ముఖం మీద ఎలా పడుతుంది?"

నవ్వుతాడనుకున్నాను. గ్లాసు మెట్టు మీద పెట్టి, "కోర్టు నమ్మింది కదే" అన్నాడు.

"ఏ కోర్టు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. తర్వాత ఆ మెట్ల మీదే, పేర్చేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పైకీ కిందికీ తిరుగుతుంటే, అంతా చెప్పాడు. మూత సంగతి తనకి అంతవరకు తట్టలేదట. ఇన్‌స్పెక్టరుకి తట్టలేదు, లాయర్లకి తట్టలేదు, జడ్జికి తట్టలేదు. వాళ్ళ బట్టలన్నీ ఎవరో ఒకరు ఇస్త్రీ చేసి పెట్టేవాళ్ళే.

"వెళ్ళి చెప్పు" అన్నాను.

"చెబితే ముందు నన్ను లోపల వేస్తారు. మీ అక్క సంగతేమిటి?"

అక్కకి అప్పటికే మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. ఆమె మందులన్నీ బావ ఉద్యోగం ఉన్నందుకు ఆసుపత్రిలో ఇచ్చేవే. నేను నోరు మూసుకున్నాను. కాసేపటికి, "పోనీ నవల్లో ఒక లారీని పంపించు. దాని దీపాల వెలుగులో ముఖం కనపడుతుంది" అన్నాను. ఆ సలహా ఇచ్చింది నేనే. బావ లారీని రాశాడు. పుస్తకం తప్పు లేకుండా అచ్చయింది. జైల్లో ఉన్న మనిషి జైల్లోనే ఉన్నాడు.

పుస్తకం బయటికొచ్చిన పదిహేను రోజులకి పాత కాగితాలు కొనేవాడు వస్తే, నా బల్ల కింద బుట్టలో ఉన్న ఆ నూట ఎనభై కాగితాలు తాడు కట్టి నేనే ఇచ్చేశాను.

ఆ నవల ఆరుసార్లు అచ్చయింది. మరో నాలుగేళ్ళకి బావ ఉద్యోగం మానేసి ఇంటి పట్టునే ఉండి రాయడం మొదలుపెట్టాడు. ముందే పదవీ విరమణ చేసినవాళ్ళకి కూడా వైద్యం ఇచ్చేవాళ్ళు కాబట్టి అక్కకి లోటు రాలేదు. స్టేషను వాసన ఆయన రాసినట్టు ఎవరూ రాయలేదంటారు: తడిసిన బూట్లు, సిరా, కిటికీలో ఆరేసిన తువ్వాలు, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చి బల్ల చివర కూర్చుని అంతలోనే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. రెండో నవల నుంచి ఒక అలవాటు పడింది. ప్రతి పుస్తకం చివర తప్పు చేయనివాడు ఒకడు జైలు గేటు దాటి బయటికొస్తాడు. బయట ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. జనం ఏడ్చేవాళ్ళు. ఉత్తరాలు గోనె సంచుల్లో వచ్చేవి. నేను ఆ చివరి పేజీలు దిద్దుతున్నప్పుడల్లా పెన్సిలు విరిగేంత గట్టిగా నొక్కేదాన్ని. ఒకసారి, "ఎంతమందిని విడిపిస్తావు బావా, ఒక్కణ్ణి విడిపించలేక" అన్నాను. ఆయన తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. నేను మర్నాడు మామూలుగా పనికి వెళ్ళాను. నా కోపం అంతటిదే.

పొడుగాయన లోపలికి వెళ్ళిన పదకొండో ఏడు అతని చెల్లెలు బావ ఇంటికి వచ్చింది. జాకెట్లు కుట్టి బతుకుతోంది. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చింది. నేనప్పుడు అక్క తల దువ్వుతున్నాను. ఆ అమ్మాయి చేతిసంచీలోంచి తీర్పు నకలు తీసింది, మడతలు పడ్డచోట చిరిగి ఉంది.

"మీ నవలలన్నీ చదివానండీ. ఎంత గట్టి కేసైనా మీరు ఎక్కడో తప్పు పట్టుకుంటారు. ఈ ఒక్క వాక్యం వల్లే మా అన్నయ్యకి శిక్ష పడింది. ఎన్నిసార్లు చదివినా నాకేమీ దొరకడం లేదు. అంత బాగా ఉంది. మీకు ఇవన్నీ తెలుసు కదా, ఇందులో తప్పెక్కడుందో చూసి చెబుతారా?"

వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. స్టేషన్లో ఆ వాక్యం ఎవరు రాశారో ఆమెకి తెలియదు. తీర్పులో రాసినవాడి పేరు ఉండదు. బావ కాగితం అందుకున్నాడు. చేతులు వణకలేదు, అది నాకు ఇంకా గుర్తుంది. "చూసి చెబుతానమ్మా" అన్నాడు. మూడు నెలలకోసారి ఆమె వచ్చేది. "ఇంకా చూస్తున్నాను" అనేవాడు. అక్క ఆమెకి మంచినీళ్ళు ఇచ్చి, "ఆయన పట్టుకుంటారులే అమ్మా, దిగులుపడకు" అని ధైర్యం చెప్పేది. అక్కకి ఏమీ తెలియదు. ఇలా మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఆ అమ్మాయి నా జాకెట్లు కూడా కుట్టింది. ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నడుము కొలుస్తుంటే నేను గోడ వైపు చూసేదాన్ని.

తర్వాత అక్క పోయింది. పదో రోజున బావ నన్ను పిలిచి, "ఇక అడ్డం లేదు" అన్నాడు.

"మా అక్క అడ్డమా?" అన్నాను. ఆ రోజు నేను ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయను. మా అక్క పోయినందుకూ, ఆమెని ఇన్నాళ్ళూ తలుపుకి అడ్డంగా నిలబెట్టినందుకూ, నేను కూడా ఆ చాటునే దాక్కున్నందుకూ కలిపి అన్నాను.

బావ పెన్ను తీసుకుని తన వాంగ్మూలం తనే రాసుకున్నాడు. రెండు పేజీలు. పదహారు నవలలు రాసిన మనిషి అంత పేలవంగా రాయగలడని నేను అనుకోలేదు. అలంకారం లేదు, వరస కూడా సరిగ్గా లేదు. దిద్దమని ఇచ్చాడు. ఒక్క చుక్క కూడా పెట్టకుండా తిరిగి ఇచ్చాను. తర్వాత ఆ అమ్మాయిని పిలిచి చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది. చదివాక మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, "మూడేళ్ళ నుంచి నాకు మంచినీళ్ళిచ్చారు" అంది. మర్నాడు లాయరుని పెట్టింది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలియడానికి పదిహేనేళ్ళ నిలకడ మరీ ఎక్కువైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది బావ పని. ముసలమ్మ ఎప్పుడో చనిపోయింది. ఇన్‌స్పెక్టరు తనకేమీ గుర్తు లేదన్నాడు. పత్రికలు "కొత్త నవలకి కొత్త ప్రచారం" అని రాశాయి. కట్టుకథలతో బతికిన మనిషి కదా, నాన్నా పులి కథలో లాగా ఈసారి ఎవరూ పరిగెత్తి రాలేదు. ఆయన పాఠకులే ఉత్తరాలు రాశారు, "కథ అద్భుతం, పుస్తకం ఎప్పుడు?" అని. ఆయన్ని జైల్లో పెడతారని మేం భయపడ్డాం చూశారా, ఎవరూ కేసు కూడా పెట్టలేదు.

లాయరమ్మ చిన్నపిల్ల, చురుకైంది. ప్రూఫు గదికి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ముసలమ్మ మొదట చెప్పిన మాటలు పెన్సిలుతో రాసిన కాగితం దొరికితే కేసు తేలిపోతుందమ్మా. అది ఆయన మొదటి నవల కాగితాల్లోనే ఉందంటున్నారు. మొదటి అధ్యాయం వెనక వైపు."

"ఆ కాగితాలు అమ్మేశాం."

"తెలుసు. కానీ వాటి మీద గీతలు కొట్టింది మీరే కదా. అంటే ప్రతి కాగితం మీరు చూశారు. 'ముఖం తెలీలేదు' అని రాసుండటం చూశానని కోర్టులో ఒక్క మాట చెప్పండి. మీరు ఆయనకి బంధువే కానీ, ముప్ఫై ఏళ్ళు తప్పులు పట్టిన మనిషి. మీ కంటిని జడ్జిగారు నమ్ముతారు."

"నేను చదవలేదమ్మా."

"గుర్తు తెచ్చుకోండి. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు. ఇక్కడ మనం అబద్ధం కూడా ఆడటం లేదు. ఆ మాట అక్కడ ఉంది. మీ కళ్ళు దాని మీద పడ్డాయి. అంతే కదా?"

వారం రోజులు అదే ఆలోచించాను. ఎర్ర పెన్సిలు, మధ్యాహ్నపు ఎండ, కాగితం మూల. రాను రాను ఆ గీత కింద అక్షరాలు కూడా కనిపించడం మొదలుపెట్టాయి. బావ రాత, ముత్యాల్లా, 'ముఖం తెలీలేదు. చీకటి కదా.' వాయిదా ముందు రోజు బావ దగ్గరికి వెళ్ళాను. ఆయాసంతో మంచం పట్టాడు, రెండు దిళ్ళు ఎత్తు పెట్టుకుని కూర్చున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"గీత కొట్టింది నేనే. చూడకుండా ఎలా కొడతాను?"

"చదివావా అని అడుగుతున్నాను."

"చదివినట్టే ఉంది బావా. కళ్ళ ముందు కనపడుతోంది."

"ఎప్పటి నుంచి?"

నేను ఆయన దుప్పటి అంచు సర్దాను.

"లాయరు వచ్చి వెళ్ళినప్పటి నుంచా?" అన్నాడు. "ఆ ముసలమ్మకి కూడా అలాగే కనపడింది. నేను నాలుగోసారి చదివి వినిపించాక."

కాసేపు ఊపిరి కూడదీసుకుని ఇంకో సంగతి చెప్పాడు. మెట్ల మీద నాకు అంతా చెప్పిన రోజున ఆ కాగితాలు నా బల్ల కింద బుట్టలోనే ఉన్నాయని ఆయనకి తెలుసు. పుస్తకం వచ్చాక కూడా పదిహేను రోజులు రోజూ ప్రెస్సుకి వచ్చాడు. రోజూ బుట్ట చూశాడు. తీసుకోలేదు. "అవి పోతే నాకు నిద్ర పడుతుందనుకున్నాను" అన్నాడు. నాకు కొట్టాలనిపించింది. కానీ ఆ బుట్ట నా కాళ్ళ దగ్గర కూడా పదిహేను రోజులు ఉంది. వెనక ఏముందో ఒక్కసారి వంగి చూద్దామని నాకూ అనిపించలేదు.

"ఏం చెప్పమంటావు రేపు?"

"నేను చెప్పమననూ లేను, వద్దననూ లేను. ఒకరి నోట్లో మాట పెట్టే పని మాత్రం నేనిక చేయను."

కోర్టు గదిలో పంకా ఒకటి చప్పుడు చేస్తూ తిరుగుతోంది. వెనక బెంచీ మీద ఆ అమ్మాయి కూర్చుంది. ప్రభుత్వ లాయరు నన్ను అడిగాడు.

"కాగితాల వెనక వైపు మీరు చూశారా?"

"చూశాను."

"ఏముంది?"

"పెన్సిలు రాత."

"ఏమని రాసి ఉంది?"

ఆ క్షణంలో కూడా నాకు అక్షరాలు కనపడుతున్నాయి. గోడ మీద రాసినంత స్పష్టంగా. కానీ ఆ అక్షరాల్లో తప్పులు లేవు. బావ పెన్సిలు రాతలో తొందరకి ఒత్తులు ఎగిరిపోయేవి, దీర్ఘాలు ఉండేవి కావు. నాకు కనపడుతున్నది నేను దిద్దిన రాత.

"చదవలేదండీ" అన్నాను.

టైపు చేసే ఆమె టకటకా కొట్టింది. చదివి వినిపించారు. "చూశాను గాని చదవలేదు." సంతకం పెట్టాను. వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. పిటిషను కొట్టేశారు. రెండు నెలలకి బావ పోయాడు. దహనానికి పాఠకులు బారులు తీరి వచ్చారు. జైలు గేటు దాటే చివరి పేజీల గురించి ఒకాయన మైకు పట్టుకుని మాట్లాడుతుంటే నేను అక్కడి నుంచి వచ్చేశాను.

మరో రెండేళ్ళకి, మంచి నడవడికకి మిగతా శిక్ష రద్దు చేస్తే, పొడుగాయన విడుదలయ్యాడు. గేటు బయట చెల్లెలు ఎదురుచూసిందో లేదో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పగా, బస్టాండు వెనక వేరేవాళ్ళ సైకిలు దుకాణంలో కూలికి చేస్తున్నాడని తెలిసింది. ఒక ఉదయం వెళ్ళాను. నేల మీద గొంతుక్కూర్చుని చక్రాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. కూర్చున్నా పొడుగు తెలుస్తోంది. వీపు మాత్రం వంగిపోయింది.

నేనెవరో చెప్పాను. చెయ్యి తుడుచుకుని, ఒక ముక్కాలి పీట నా వైపు జరిపాడు.

"మీ బావగారి పుస్తకాలు లోపల చదివేవాళ్ళమమ్మా. కొత్తది వస్తే వంతులు వేసుకునేవాళ్ళం. చివరి పేజీ ఒకడు పైకి చదివితే గదిలో అందరం వినేవాళ్ళం."

ఆ చివరి పేజీల్లో ఒక్క అక్షరం తప్పు పోకుండా చూసింది నేను.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. "చెల్లి చెప్పింది. కోర్టులో మీరు చూశానన్నారట, చదవలేదన్నారట. చదివానని అంటే ఏం పోయేదమ్మా?"

"అబద్ధమయ్యేది" అన్నాను.

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తొట్టిలో బుడగ వచ్చినచోట బొటనవేలు పెట్టి పట్టుకుని, నిజంగా తెలుసుకోవాలన్నట్టు నా ముఖంలోకి చూశాడు.

"అబద్ధం చెప్పేగా నన్ను లోపలికి పంపింది. అప్పుడు ఎవరికీ గుర్తు రాని నిజం, నేను బయటికి రావాల్సిన రోజే మీకెందుకు గుర్తొచ్చిందమ్మా?"